పొద్దున సెల్ఫ్ కొట్టగానే నీలం పొగ: పాత లారీ కొనేముందు, ఇంజిన్ విప్పేముందు చూడాల్సినవి

రాత్రంతా నిలబడిన లారీకి పొద్దున సెల్ఫ్ కొట్టగానే సైలెన్సర్ నుంచి నీలం పొగ గుప్పున వస్తుంది. అర నిమిషంలో పోతుంది. అమ్మే మనిషి "చలికి అన్నా, వేడెక్కితే ఉండదు" అంటాడు. పక్కన నిలబడిన మేస్త్రి "ఇంజిన్ బోరుకొచ్చింది" అంటాడు, అంటే సిలిండర్ గోడలు (బోర్) అరిగి కోయించాల్సి వచ్చిందని. ఇద్దరిలో ఎవరి మాటా వెంటనే నమ్మొద్దు. మొదటి మాట నమ్మితే రేపు లక్ష దాటే పని మీ నెత్తిన పడవచ్చు. రెండో మాట నమ్మితే వాల్వ్ సీళ్లు (వాల్వ్ కాడల చుట్టూ ఆయిల్ ఆపే చిన్న రబ్బర్లు) మారిస్తే పోయే జబ్బుకు మొత్తం ఇంజిన్ విప్పించినవారవుతారు.

నీలం పొగ అంటే ఇంజిన్ ఆయిల్ కాలుతోందని. రంగు అంతవరకే చెప్తుంది. ఆ ఆయిల్ ఏ దారిన సిలిండర్‌లోకి దిగిందో తెలియాలంటే పొగ ఎప్పుడు వస్తోంది, ఎంతసేపు ఉంటోంది, మళ్లీ ఎప్పుడు వస్తోంది అన్నది చూడాలి. దారులు మూడే. పైనుంచి వాల్వ్ గైడ్ల (వాల్వ్ కాడ ఆడే గొట్టాల) వెంట, కిందినుంచి పిస్టన్ చుట్టూ ఉండే రింగుల పక్కగా, లేదంటే గాలితోపాటు టర్బో (ఇంజిన్‌లోకి గాలి నెట్టే చక్రం), ఎయిర్ క్లీనర్ల వైపు నుంచి. కింద చెప్పే పరీక్షలన్నీ ఈ మూడింటిలో ఒక్కటి తేల్చడానికే.

అసలు అది నీలమేనా

డీజిల్ బండిలో ఇక్కడే చాలామంది పొరబడతారు. చల్లటి ఇంజిన్‌లో సరిగా కాలని డీజిల్ కూడా తెలుపులో కాస్త నీలం కలిసినట్టు కనిపిస్తుంది. తేడా ముక్కుకు తెలుస్తుంది. కాలని డీజిల్ పొగ కళ్లు మండిస్తుంది, పచ్చి డీజిల్ వాసన వేస్తుంది, ఇంజిన్ ఒకటి రెండు సిలిండర్లు ఎగరేస్తూ తడబడుతుంది. ఆయిల్ పొగకు మాడిన నూనె వాసన ఉంటుంది. కళ్లు అంతగా మండవు, ఇంజిన్ మామూలుగానే తిరుగుతుంది. నీటి ఆవిరైతే సైలెన్సర్ దాటి కొద్ది దూరంలోనే మాయమైపోతుంది. ఆయిల్ పొగ షెడ్డు చూరు కింద చాలాసేపు వేలాడుతుంది.

పొగను ఎక్కడ నిలబడి చూస్తున్నారన్నదీ ముఖ్యమే. వెనక చెట్టో, నల్లటి గోడో ఉంటే ఆయిల్ పొగ నీలంగా తెలుస్తుంది. అదే పొగ వెనక ఎండ ఉన్న ఆకాశం ఉంటే గోధుమరంగులోకి మారినట్టు ఉంటుంది. అందుకే సూర్యుడికి ఎదురుగా నిలబడి తీసిన ఫోన్ వీడియో చూసి బేరం చేయొద్దు. అనుమానం తీరాలంటే తెల్ల కాగితాన్ని కర్రకు కట్టి, స్టార్ట్ చేసేటప్పుడు సైలెన్సర్ మూతికి అడుగు దూరంలో పట్టించండి. జిడ్డు చుక్కలు పడి, వేలితో రుద్దితే జారితే ఆయిల్. తడిసి డీజిల్ వాసన కొట్టి, ఆరాక మరక పలచబడితే డీజిల్. మసి ఒక్కటే పడితే దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

చలి సాకు గురించి ఒక మాట. కర్నూలు, అనంతపురం, కడపలో డిసెంబరు, జనవరి తెల్లవారుజామున కూడా డీజిల్ ఇంజిన్‌ను ఇబ్బంది పెట్టేంత చలి ఉండదు. కంప్రెషన్ (సిలిండర్‌లో గాలిని నొక్కే ఒత్తిడి) బాగున్న ఇంజిన్ మన దగ్గర నిమిషం లోపే శుభ్రంగా కాలాలి. మే నెల పొద్దున కూడా తెల్లపొగ రెండు మూడు నిమిషాలు వస్తోందంటే డీజిల్ చిమ్మే నాజిళ్లు కారుతున్నాయి, లేదా డీజిల్ పంపు టైమింగ్ వెనకబడింది, లేదా కంప్రెషనే తక్కువైంది. అది వేరే జబ్బు, దాని వైద్యమూ వేరు. ముందు పంపు షెడ్డుకు వెళ్లి నాజిళ్లు టెస్ట్ చేయించుకోండి.

ముందురోజు సాయంత్రమే పని మొదలవుతుంది

పొద్దున పరీక్షకు రెండు షరతులు. బండి కనీసం 8 గంటలు ఆగి ఉండాలి, సమంగా ఉన్న నేల మీద ఆగి ఉండాలి. అమ్మేవాళ్లు మీరొచ్చేలోపే ఒకసారి స్టార్ట్ చేసి పెట్టడం మామూలే. వెళ్లగానే ముందు ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ మీద, టాపెట్ కవర్ (ఇంజిన్ పై మూత) మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉన్నా ఆ రోజు పరీక్ష లేనట్టే. ఇంకో రోజు రండి.

వాలులో నిలబెట్టిన బండి విషయం వేరు. ముక్కు కిందికి ఉంటే హెడ్ (వాల్వ్‌లు ఉండే ఇంజిన్ పైభాగం) మీద మిగిలిన ఆయిల్ ముందు సిలిండర్ల వైపు చేరి నిలుస్తుంది. ఆ వైపు సీళ్లు గట్టిపడి ఉంటే పొద్దున పొగ పెరుగుతుంది. మర్నాడు బండిని తిప్పి నిలబెట్టి చూస్తే పొగలో తేడా వస్తుంది. ఇలా తేడా వచ్చిందంటే జబ్బు హెడ్‌లోనే ఉందనడానికి మంచి గుర్తు. రింగుల జబ్బుకు బండి ఎటు వాలినా పెద్దగా తేడా ఉండదు.

సెల్ఫ్ కొట్టకముందే డిప్ స్టిక్ తీయండి. మూడు సంగతులు చూడాలి. ఒకటి మట్టం. పై గీత దాటి ఉంటే ఎందుకు దాటిందో కింద చెప్తాం. రెండోది రంగు. నడిచే డీజిల్ ఇంజిన్‌లో ఆయిల్ మార్చిన కొద్ది గంటలకే నల్లబడుతుంది. అమ్మకానికి పెట్టిన లారీలో ఆయిల్ తేనెరంగులో మెరుస్తోందంటే నిన్ననో మొన్ననో మార్చారు. ఎందుకు మార్చారో అడగాలి. మూడోది చిక్కదనం. 15డబ్ల్యూ-40 చిక్కదనం ఆయిల్ పోయాల్సిన బండిలో అంతకన్నా చిక్కటి ఆయిల్ పోస్తే, పొగ ఆపుతామని అమ్మే చిక్కటి మందు కలిపితే, పొద్దున డిప్ స్టిక్ నుంచి బెల్లం పాకంలా సాగుతూ దిగుతుంది. దాంతో పొగ కొన్నాళ్లు అణగుతుంది, జబ్బు పోదు. ఆ బండికి ఆయిల్ మార్చి కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాకే నిజం బయటపడుతుంది.

ఎయిర్ క్లీనర్ కూడా ఇప్పుడే విప్పాలి. తాడిపత్రి, బేతంచెర్ల, బనగానపల్లె వైపు బండల గనుల్లో, పాలిష్ ఫ్యాక్టరీల దగ్గర, ఎర్రగుంట్ల సిమెంటు లోడింగ్‌లో తిరిగిన బండికి ఇదే అన్నిటికన్నా పెద్ద పరీక్ష. ఫిల్టర్ తీశాక ఇంజిన్ వైపు వెళ్లే పైపులోకి శుభ్రమైన గుడ్డ చుట్టిన వేలు పెట్టి తుడవండి. రాతిపొడి అంటుకుందంటే ఫిల్టర్ దాటి దుమ్ము లోపలికి పోతోంది. ఆ పొడి పై రింగును, బోర్ పైభాగాన్ని సానరాయిలా అరగదీస్తుంది. ఫిల్టర్‌ను టైరుకేసి కొట్టి దులిపే అలవాటు వల్ల దాని కాగితం చిరుగుతుంది, రబ్బరు అంచు వంకరపోతుంది. పైపులో దుమ్ము చారలు కనిపించిన బండిలో నీలం పొగ ఉంటే వాల్వ్ సీళ్ల మీద ఆశ పెట్టుకోవద్దు.

పాత మోడళ్లలో ఆయిల్ పోసే ఎయిర్ క్లీనర్ ఉంటుంది. గిన్నెలో గీత దాటి ఆయిల్ పోస్తే ఇంజిన్ దాన్ని పీల్చుకుని నీలం పొగ వదులుతుంది. గీత వరకు తగ్గించి మళ్లీ చూడండి. ఒక్కోసారి ఇంతటితోనే సమస్య తీరిపోతుంది.

సెల్ఫ్ కొట్టే క్షణం

ఒకరు తాళం దగ్గర, ఒకరు సైలెన్సర్ వెనక. గేరు న్యూట్రల్, హ్యాండ్‌బ్రేక్ బిగించి, చక్రాలకు అడ్డు. యాక్సిలరేటర్ మీద కాలు పెట్టొద్దు. మొదటి రెండు నిమిషాలు ఆపకుండా వీడియో తీయండి. జ్ఞాపకం మీద ఆధారపడితే అర నిమిషం రెండు నిమిషాలవుతుంది.

స్టార్ట్ కాగానే గుప్పున వచ్చి, 10 సెకన్ల నుంచి నిమిషం లోపు పూర్తిగా ఆగిపోతే వాల్వ్ సీళ్లు, గైడ్ల వైపు మొగ్గు. రాత్రంతా హెడ్ మీది ఆయిల్ గట్టిపడిన సీలు పక్క నుంచి చుక్కచుక్కగా వాల్వ్ కాడ వెంట దిగి, తెరిచి ఉన్న వాల్వ్ దగ్గర పిస్టన్ తల మీద, మూసి ఉన్న వాల్వ్ దగ్గర పోర్టులో నిలుస్తుంది. పొద్దున అదంతా ఒక్కసారి కాలిపోతుంది. ఆ తర్వాత పొగకు కారణం ఉండదు.

పెట్రోలు బండ్లకు చెప్పే గుర్తులు డీజిల్‌కు యథాతథంగా వర్తించవు. పెట్రోలు ఇంజిన్‌లో థ్రాటిల్ మూసుకున్నప్పుడు ఇన్‌టేక్‌లో గట్టి వాక్యూమ్ పుట్టి సీళ్ల పక్క నుంచి ఆయిల్‌ను లాగుతుంది. అందుకే వాటిలో సీళ్లు పోతే వాలు దిగి మళ్లీ కాలు పెట్టగానే పొగ వస్తుంది. మామూలు డీజిల్ ఇంజిన్‌లో ఆ థ్రాటిల్ వాక్యూమ్ ఉండదు, టర్బో ఉంటే నడిచేటప్పుడు ఇన్‌టేక్‌లో ఒత్తిడే ఉంటుంది. కాబట్టి లారీలో సీళ్ల జబ్బు ఎక్కువగా ఆగి ఉన్నప్పుడు బరువుకు దిగిన ఆయిల్ రూపంలోనే, అంటే పొద్దుటి పొగగానే, బయటపడుతుంది.

పొగ నిమిషం దాటినా ఆగకుండా, తగ్గుతూ తగ్గుతూ అయిదు పది నిమిషాలు వస్తే రింగుల వైపు చూడాలి. చల్లగా ఉన్నప్పుడు పిస్టన్‌కూ బోర్‌కూ మధ్య సందు ఎక్కువ. వేడెక్కి పిస్టన్ ఉబ్బితే కొంత సర్దుకుంటుంది. దీన్నే "వేడెక్కితే ఉండదు" అని చెప్పేస్తారు. లోడు వేసి ఎత్తు ఎక్కిస్తే మళ్లీ వస్తుంది.

ఇంజిన్ వేడెక్కాక

అరగంట నడిపి, నీటి వేడి మామూలు స్థాయికి వచ్చాక బండి ఆపి యాక్సిలరేటర్ తొక్కకుండా 10 నిమిషాలు స్లోలో ఉంచండి. తర్వాత మెల్లగా రేస్ పెంచండి. ఒక్క గుప్పు నీలం పొగ వచ్చి ఆగిపోతే టర్బో సీలు గానీ, ఎగ్జాస్ట్ వాల్వ్ గైడ్లు గానీ కారణం. రేస్ పెంచినకొద్దీ పొగ పెరుగుతూ పోతే రింగులు.

లోడుతో రోడ్డు మీద చూడటానికి వీలుంటే ఘాట్ రోడ్డంత మంచి పరీక్ష లేదు. కడప, రాయచోటి మధ్య గువ్వలచెరువు ఘాట్ మనకు దగ్గరే. కడప వైపు నుంచి ఎక్కేటప్పుడు అద్దంలో నీలం చార ఆగకుండా కనిపిస్తే రింగులు, బోర్. ఎక్కేటప్పుడు శుభ్రంగా ఉండి, తిరుగు ప్రయాణంలో గేరులో దిగి, కింద సమంగా ఉన్న చోట కాలు పెట్టగానే ఒక్క గుప్పు వస్తే టర్బో మీద అనుమానం పెంచుకోండి. దిగేటప్పుడు టర్బోలో ఒత్తిడి పడిపోయి దాని సీలు దగ్గర ఆయిల్ చేరుతుంది. పరీక్ష పేరుతో న్యూట్రల్‌లో మాత్రం ఘాట్ దిగొద్దు. ఇంజిన్ బ్రేక్ పోతుంది, బరువంతా బ్రేక్ లైనర్ల మీద పడుతుంది.

బ్యాక్ కంప్రెషన్: అందరూ చూస్తారు, సగంమందికి తప్పు జవాబు వస్తుంది

రింగుల పక్కగా కిందికి జారి ఇంజిన్ చాంబర్‌లో (అడుగున ఆయిల్ ఉండే చోట) పోగయ్యే గాలినే బ్యాక్ కంప్రెషన్ అంటారు. ఇంజిన్ స్లోలో ఉండగా ఆయిల్ పోసే మూత తీసి, బోర్లించి రంధ్రం మీద పెట్టడం మన షెడ్లలో అందరికీ తెలిసిన పద్ధతి. మూత కాస్త కదులుతుంటే పరవాలేదు, ఎగిరి పడితే రింగులు పోయాయంటారు. పరీక్ష మంచిదే. దాన్ని చదివే తీరులో మూడు లోపాలున్నాయి.

మొదటిది బ్రీదర్, అంటే ఇంజిన్ చాంబర్‌లోని గాలి బయటికి పోయే దారి. దాని గొట్టం, జాలీ మసితో మూసుకుపోతే మంచి ఇంజిన్‌లో కూడా లోపల గాలి పోగయి మూతను ఎగరగొడుతుంది. అదే ఒత్తిడి ఆయిల్‌ను సీళ్ల గుండా, టర్బో గుండా బయటికి నెడుతుంది. బ్రీదర్ విప్పి డీజిల్‌తో కడిగి ఆరబెట్టి, గొట్టం నలిగిందేమో చూసి, అప్పుడు మళ్లీ మూత పెట్టి చూడాలి.

రెండోది ఎయిర్ బ్రేక్ కంప్రెసర్. దీన్ని చాలామంది మరిచిపోతారు. కంప్రెసర్ రింగులు అరిగితే అది కొట్టే గాలి వెనక్కు తిరిగి ఇంజిన్ చాంబర్‌లోకే వస్తుంది. మూత ఎగురుతుంది, మేస్త్రి బోరు అంటాడు, లక్ష దాటే పని చేయించాక కూడా మూత ఎగురుతూనే ఉంటుంది. తేల్చడం తేలిక. ట్యాంకుల్లో గాలి పూర్తిగా వదిలేసి, కంప్రెసర్ గాలి నింపుతున్నప్పుడు ఒకసారి, ప్రెషర్ నిండి కంప్రెసర్ ఖాళీగా తిరుగుతున్నప్పుడు ఒకసారి మూత చూడండి. రెండోసారి బాగా తగ్గితే దోషం కంప్రెసర్‌దే. ఎయిర్ ట్యాంకు అడుగు కాక్ తిప్పితే నల్లటి ఆయిల్ కారడం కూడా దానికే సాక్ష్యం.

మూడోది టర్బో. సీలు పోయిన టర్బో తన గాలిని ఆయిల్ తిరిగొచ్చే పైపు గుండా చాంబర్‌లోకి పంపుతుంది. ఇది స్లోలో తెలియదు, రేస్ పెంచితే తెలుస్తుంది.

ఈ మూడూ కాదని తేలాక కూడా బ్రీదర్ గొట్టం నుంచి పొగతో కలిసి గాలి ఊపిరిలా కొట్టుకుంటూ వస్తుంటే, అప్పుడు రింగులు, బోర్ అని ధైర్యంగా అనుకోవచ్చు. దీన్నే తిరగేసి కూడా చదవొచ్చు. పొద్దున నీలం పొగ ఉండి, బ్యాక్ కంప్రెషన్ లేకపోతే, ఆయిల్ దాదాపుగా పై దారినే వస్తోంది. వాల్వ్ సీళ్లకూ కంప్రెషన్‌కూ సంబంధం లేదు. సీలు కారినా వాల్వ్ తన సీటు మీద సరిగానే కూర్చుంటుంది.

టర్బో చూసే తీరు

ఇంజిన్ చల్లబడ్డాక టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు (ఆ గాలిని చల్లబరిచే రేడియేటర్ లాంటిదానికి) వెళ్లే గొట్టం విప్పండి. లోపల పలచటి జిడ్డు పొర ఉండటం తప్పు కాదు. బ్రీదర్ గొట్టాన్ని ఇన్‌టేక్‌కే కలిపిన ఇంజిన్లలో అది సహజం. కింది వంపులో ఆయిల్ మడుగు కట్టి, గొట్టం వంచితే కారితేనే లెక్క. టర్బో చక్రాన్ని వేళ్లతో పట్టి ముందుకూ వెనక్కూ లాగండి. చేతికి స్పష్టంగా ఆట తెలిస్తే, పక్కకు నొక్కి తిప్పినప్పుడు రెక్క గోడకు తాకితే, దాని పని అయిపోయినట్టే. పక్కకు కొద్దిగా కదలడం మాత్రం మామూలే. ఆయిల్ పొర మీద తేలే బేరింగుకు ఆ సందు అవసరం.

టర్బో మార్చే ముందు దాని కింద ఆయిల్ తిరిగొచ్చే పైపు విప్పి లోపల చూడండి. మసి గడ్డకట్టి ఆ దారి సన్నబడితే కొత్త టర్బో కూడా వారంలో ఆయిల్ కారుస్తుంది. ఎత్తు ఎక్కి వచ్చిన వెంటనే ఇంజిన్ ఆపేసే అలవాటు వల్లే ఆ మసి పేరుకుంటుంది. మూడు నిమిషాలు స్లోలో ఉంచి ఆపితే టర్బో చల్లబడుతుంది. అలాగే స్టార్ట్ కాగానే రేస్ ఇవ్వకూడదు. ఆయిల్ టర్బో దాకా చేరడానికి కొన్ని సెకన్లు కావాలి.

మట్టం పై గీత దాటితే

ఎక్కువ పోసిన ఆయిల్‌ను క్రాంక్ చిలికి బోర్ గోడల మీదికి, బ్రీదర్‌లోకి చిమ్ముతుంది. దాంతో పొగ వస్తుంది. కింది బోల్టు విప్పి పై గీత వరకు దింపండి. ఎవరూ పోయకుండానే మట్టం పెరుగుతుంటే డీజిల్ కలుస్తోంది. వరస పంపు (సిలిండర్లకు వరసగా డీజిల్ పంపే పాత రకం పంపు) ఉన్న బండ్లలో, ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు అరిగి డీజిల్ పంపు చాంబర్ గుండా ఇంజిన్‌లోకి దిగుతుంది. డిప్ స్టిక్ వాసన చూస్తే తెలుస్తుంది. పలచబడ్డ ఆయిల్ రింగులకు ఆగదు, బేరింగులను కాపాడదు. ఇది తెలిశాక బండిని ఇంకొక్క ట్రిప్పు కూడా పంపొద్దు. నిజంగా ప్రమాదం ఇక్కడే ఉంది. గాలి దారిలోకో, సిలిండర్‌లోకో ఆయిల్ ఎక్కువగా వస్తే ఇంజిన్ దాన్నే డీజిల్‌లా కాల్చుకుని, తాళం తీసినా ఆగకుండా రేస్ ఎక్కిపోతుంది. అలా జరిగితే గాలి పీల్చే మూతిని మందమైన పలకతో మూయాలి. చెయ్యి గానీ, గుడ్డ గానీ పెట్టొద్దు. పలక అందుబాటులో లేకపోతే బ్రేక్ గట్టిగా తొక్కి, టాప్ గేరు వేసి క్లచ్ వదిలి ఇంజిన్‌ను ఆపేయాలి. ముందు వెనక మనుషులు లేకుండా చూసుకోండి.

ఏ సిలిండరో తేల్చడం

ఇంతవరకూ ఫిల్టర్, బ్రీదర్, గొట్టాలు తప్ప ఇంజిన్‌లో ఏమీ విప్పలేదు. ఇప్పుడు ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ దించండి. పోర్టులు (ఒక్కో సిలిండర్ పొగ బయటికొచ్చే రంధ్రాలు) వరసగా కనిపిస్తాయి. పొడి మసి ఉన్నవి మంచివి. తడిగా, నల్లగా మెరిసే జిడ్డు ఉన్న పోర్టు ఏదో అదే కాలుస్తున్న సిలిండర్. ఒకటి రెండు పోర్టులే తడిగా ఉంటే ఆ వాల్వ్‌ల సీళ్లు, గైడ్లు, లేదా ఆ సిలిండర్‌లో విరిగిన రింగు. అన్ని పోర్టులూ తడిగా ఉంటే గాలితో ఆయిల్ వస్తోంది, లేదా అన్నీ అరిగాయి. పోర్టులన్నీ పొడిగా ఉండి టర్బో తర్వాతి పైపు మాత్రమే తడిస్తే, అది టర్బో ఎగ్జాస్ట్ వైపు సీలు. ఈ ఒక్క పరీక్ష ఎన్నో వాదనలు ఆపుతుంది. మ్యానిఫోల్డ్ బోల్టులు పట్టేసి ఉంటాయి కాబట్టి ముందురోజే తుప్పు వదిలే నూనె కొట్టి ఉంచండి.

కంప్రెషన్ చూడాలంటే నాజిల్ తీసి ఆ రంధ్రానికి సరిపోయే అడాప్టరుతో గేజి బిగించాలి. బ్యాటరీ నిండుగా ఉండాలి, ఇంజిన్ వెచ్చగా ఉండాలి. చాలా డీజిల్ ఇంజిన్లలో సుమారు 350 నుంచి 450 పీఎస్ఐ వస్తుంది. అంకె కన్నా సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. 15 శాతం దాటిన తేడా ఉంటే తక్కువ ఉన్నదాన్ని అనుమానించాలి. పెట్రోలు ఇంజిన్లలో చేసినట్టు సిలిండర్‌లో ఆయిల్ పోసి మళ్లీ కొట్టే పద్ధతి డీజిల్‌లో వద్దు. పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగిలే చోటు చాలా తక్కువ. కొద్ది ఆయిల్ పోసినా గేజి అబద్ధం చెప్తుంది, ఎక్కువైతే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. దానికి బదులు పిస్టన్‌ను కంప్రెషన్‌లో పైకి తెచ్చి, నాజిల్ రంధ్రం నుంచి గాలి పెట్టి వినండి. ఆయిల్ మూత దగ్గర శబ్దమైతే రింగులు, సైలెన్సర్‌లో అయితే ఎగ్జాస్ట్ వాల్వ్, ఎయిర్ క్లీనర్ దగ్గరైతే ఇన్‌టేక్ వాల్వ్, రేడియేటర్‌లో బుడగలు వస్తే హెడ్ గ్యాస్కెట్ లేదా పగులు. గాలి పెట్టగానే క్రాంక్ తిరగవచ్చు. దానికి తగిలించిన రాడ్ తీసేసి, గేరు వేసి, చేతులు దూరంగా ఉంచుకోండి.

హెడ్ దించకుండా సీళ్లు మార్చడం

పైన చెప్పిన గుర్తులన్నీ సీళ్ల వైపే చూపిస్తే, చాలా ఇంజిన్లలో హెడ్ దించనక్కర్లేదు. సీలు మార్చే సిలిండర్‌లో పిస్టన్ పూర్తిగా పైన ఉండాలి. ఆరు సిలిండర్ల ఇంజిన్‌లో 1, 6 పిస్టన్లు కలిసి, 2, 5 కలిసి, 3, 4 కలిసి పైకి వస్తాయి. మూడుసార్లు తిప్పితే ఆరూ అయిపోతాయి. వాల్వ్‌లు నిటారుగా ఉన్న డైరెక్ట్ ఇంజెక్షన్ డీజిల్‌లో పిస్టన్ పూర్తిగా పైన ఉన్నప్పుడు వాల్వ్ జారినా కొద్దిగా దిగి పిస్టన్ మీద ఆగిపోతుంది. ఆ తర్వాత క్రాంక్ ఒక్క వీసం కూడా కదలకూడదు. కదిలితే వాల్వ్ సిలిండర్‌లో పడుతుంది, అప్పుడు హెడ్ దించక తప్పదు.

వాల్వ్‌లను నొక్కే రాకర్లు తీశాక ఆయిల్ దిగే రంధ్రాలన్నిటికీ గుడ్డ కుక్కండి. వాల్వ్ స్ప్రింగును పట్టి ఉంచే లాకులు చిన్నవి, ఎగిరి ఆ రంధ్రంలో పడితే ఆయిల్ చాంబర్ విప్పాలి. లివర్‌తో స్ప్రింగు అణచి, అయస్కాంతంతో లాకులు తీసి, స్ప్రింగు ఎత్తి పాత సీలు లాగేయండి. గోటితో నొక్కితే దిగని, వంచితే పెళుసుగా విరిగే రబ్బరు కనిపిస్తే మీ నిర్ధారణ సరైనదే. మెత్తగా, సాగుతూ వస్తే ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. జబ్బు గైడ్‌లో ఉండవచ్చు.

ఎలాగూ స్ప్రింగు తీశారు కాబట్టి వాల్వ్ కాడను కాస్త పైకెత్తి అటూ ఇటూ ఊపండి. చేతికి టకటక తెలిసేంత ఆట ఉంటే కొత్త సీలు ఎక్కువ కాలం ఆగదు. కాడ ఊగిన కొద్దీ సీలు పెదవి అరిగిపోతుంది. అలాంటప్పుడు హెడ్ దించి లేత్ షాపులో గైడ్లు వేయించి, సీట్లు కట్ చేయించడమే సరి.

కొత్త సీలుకు ఆయిల్ రాసి, కాడ మీది లాకు గాడుల మీద సెట్‌తో వచ్చే ప్లాస్టిక్ తొడుగు పెట్టి, దాని మీదుగా దించండి. తొడుగు లేకపోతే నున్నటి టేపు చుట్టండి. ఆ గాడుల అంచు కత్తిలా ఉంటుంది, సీలు పెదవిని కోసేస్తుంది. కొత్త సీళ్లు వేసిన వారానికే పొగ మళ్లీ వచ్చిందంటే ఎక్కువసార్లు ఈ కోతే కారణం. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ సీళ్లు వేరువేరుగా ఉండే ఇంజిన్లలో రంగు చూసి కలగాపులగం కాకుండా వేయండి. చివర టాపెట్లు, అంటే రాకర్‌కూ వాల్వ్‌కూ మధ్య సందు, సెట్ చేయాలి. టాటా లారీల్లో వచ్చిన కమిన్స్ 6బీటీ 5.9 ఇంజిన్‌కైతే చల్లగా ఉన్నప్పుడు ఇన్‌టేక్ 0.25 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ 0.50. మిగతావాటికి టాపెట్ కవర్ మీదో, మాన్యువల్‌లోనో ఉన్న కొలతే పెట్టండి.

బోరు నిజంగా అవసరమైతే

పొగ లోడులో ఆగకపోవడం, కంప్రెసర్, బ్రీదర్ చూశాక కూడా బ్యాక్ కంప్రెషన్ మిగలడం, ఆయిల్ ఖర్చు పెరగడం, ఈ మూడూ కలిస్తేనే బోరు మాట. ఆయిల్ ఖర్చును డీజిల్‌తో పోల్చి లెక్కేయండి. 100 లీటర్ల డీజిల్‌కు అర లీటరు లోపు ఆయిల్ తగ్గితే నడుపుకోవచ్చు. లీటరు దాటితే పని దగ్గరపడినట్టు. లీటరుకు 4 కిలోమీటర్లు ఇచ్చే బండి 1000 కిలోమీటర్లకు 250 లీటర్ల డీజిల్ తాగుతుంది కాబట్టి, ఆ దూరంలో రెండున్నర లీటర్ల ఆయిల్ పోయాల్సి వస్తే ఆ గీత దగ్గరికి వచ్చారు.

తొందరపడకూడని సందర్భం ఒకటుంది. ఫైనాన్సువాళ్లు పట్టుకెళ్లి యార్డులో నెలల తరబడి ఉంచిన బండి, లేదా ఫ్యాక్టరీ గేటు ముందు గంటలు గంటలు స్లోలో నిలబడే బండి. వీటిలో రింగులు మసికి పట్టేసి ఉంటాయి, బోర్ గోడ అద్దంలా నునుపెక్కి ఆయిల్ తుడుచుకోదు. ఇలాంటి బండికి ఆయిల్, ఫిల్టర్ మార్చి, బ్యాక్ కంప్రెషన్ మరీ ఎక్కువ లేకపోతే 500 నుంచి 1000 కిలోమీటర్లు మంచి లోడుతో నడిపి మళ్లీ చూడాలి. చాలాసార్లు రింగులు వదిలి పొగ సగానికి తగ్గుతుంది. తగ్గకపోతే అప్పుడు విప్పండి. విప్పాక బోర్ పైభాగంలో గోరు పెట్టి గీయండి. గోరు ఆగేంత మెట్టు ఉంటే కొత్త రింగులు ఒక్కటే వేసి లాభం లేదు. 6బీటీ లాంటి వాటికి లైనర్ (తీసి మార్చుకునే సిలిండర్ గొట్టం) ఉండదు, బ్లాక్‌లోనే బోర్. అది ఇప్పటికే ఎన్ని సైజులు పెంచి కోశారో పిస్టన్ తల మీది గుర్తు చూసి తెలుసుకోకుండా పని బేరం ఖాయం చేయొద్దు.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 కాలుష్య నిబంధనల బండ్లలో మరో చిక్కు. సైలెన్సర్ దారిలో ఉండే ఫిల్టర్ ఆయిల్ పొగలో చాలా భాగాన్ని పట్టేస్తుంది. ఆయిల్ తాగుతున్నా పొద్దున పొగ కనిపించకపోవచ్చు. ఆ బండిలో ఫిల్టర్ తరచూ నిండడం, రీజనరేషన్ (ఫిల్టర్‌లో మసిని కాల్చేసే పని) దీపం మాటిమాటికీ వెలగడం, ఆయిల్ మట్టం తగ్గడం చూడాలి. వీటికి సీకే-4 లాంటి, బూడిద తక్కువ మిగిల్చే రకం ఆయిలే పోయాలి. బూడిద ఎక్కువ మిగిల్చే పాత రకం పోస్తే ఫిల్టర్ పూడిపోతుంది. పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది కదా అని ఊరుకోవద్దు. ఆ పరీక్ష వేడెక్కిన ఇంజిన్‌తో చేస్తారు, పొద్దుటి అర నిమిషం పొగ అందులో పడదు.

సీళ్లు మార్చిన మర్నాడు పొద్దున కొద్దిగా పొగ వస్తే కంగారు వద్దు. సైలెన్సర్‌లో, మ్యానిఫోల్డ్‌లో పేరుకున్న పాత ఆయిల్ కాలడానికి ఒకటి రెండు లోడు ట్రిప్పులు పడుతుంది. ఆయిల్‌ను డిప్ స్టిక్ పై గీతకు సరిగ్గా పోసి, కిలోమీటరు రీడింగు రాసిపెట్టి, వారం తర్వాత అదే చోట, అదే ముఖంగా రాత్రంతా నిలబెట్టి, పొద్దున మళ్లీ రెండు నిమిషాల వీడియో తీసి పాతదాని పక్కన పెట్టి చూడండి.